తెరవగానే కనిపించేది

బాబాయ్‌కి,

ఇక జన్మలో ఓటెయ్యనన్నావని పిన్ని చెప్పింది. కాదనే మొహం నాకు లేదు.

పోలింగ్ కేంద్రాలు మారిన సంగతి నేను చూసుకునే మా ఎన్నికల ఆఫీసు వెబ్‌సైట్‌లో మొదటి పేజీలోనే పెడదామని పై అధికారిని కాళ్లావేళ్లా పడి బతిమాలాను. "అక్కడ పెద్దసార్ల ఫొటోలుండాలయ్యా" అని, దాన్ని పాత సర్క్యులర్ల పేజీలో అట్టడుగుకు తోయించాడు.

పోలింగ్ రోజు సాయంత్రం నువ్వు చేతికర్రతో ఎప్పుడూ ఓటేసే పాత బడిదాకా వెళ్లి, గేటుకు తాళం చూసి ఫోన్ చేశావు. "నీ సైటే కదరా, ఎక్కడికి మార్చారో చెప్పు!" అన్నావు. అన్నీ స్కాన్ చేసిన కాగితాలే, ఊరి పేరు కొట్టి వెతికితే దొరకవు. ఒక్కొక్కటే తెరిచి చూశాను. నేను పెట్టిందే నాకు దొరికేసరికి పోలింగ్ అయిపోయింది బాబాయ్.

ఇవాళ మొదటి పేజీలో "ఓటేసిన అందరికీ ధన్యవాదాలు" అని పెట్టమన్నారు. పెట్టాను. అది మాత్రం తెరవగానే కనిపిస్తుంది.

మీ అన్నయ్య కొడుకు