మహబూబ్‌తో మాట్లాడండి

తాయిఫ్, సౌదీ,
శుక్రవారం మధ్యాహ్నం

ఏమండీ,

ప్రభువు నామంలో మీకు వందనాలు. నేనిక్కడ క్షేమం. మన పాప షైని తాడేపల్లిగూడెంలో మా అమ్మ దగ్గర మూడో ఎక్కంతో తిప్పలు పడుతూ క్షేమం. మీ గురించి మాత్రం ఆ మాట రాయడానికి కలం సాగడం లేదు. మీ సరిహద్దు పోస్టులో సిగ్నల్ లేదు కదా, రేపు సెలవుకి ఇండియా వెళ్తున్న నా గది నర్సు బ్లెస్సీ చేత ఇది పంపుతున్నాను, అక్కడ పోస్టు చేస్తుంది.

మీరడిగినవాటికి ముందు జవాబులు. అవును, ఈ కొండ మీద చలి మొదలైంది, మీరు కొన్న స్వెట్టరే వేసుకుంటున్నాను. తింటున్నాను. బ్లెస్సీ చేపల పులుసుకి మీరైతే వంక పెడతారు, నేను పెట్టను. ఫొటోలో చిక్కిపోయినట్టున్నావన్నారు. నిజమే. సూది గుచ్చేటప్పుడు చెయ్యి వణికితే మా హెడ్ నర్సు నన్నే డాక్టరు ముందు కూర్చోబెట్టింది. నిద్రకు మాత్రలిచ్చారు. సిగ్గుపడటం మానేసి వేసుకుంటున్నాను.

ఇక ఆ చివరి ప్రశ్న. "నా రైఫిల్ తీసేసుకుని కాపలా డ్యూటీ మాన్పించారు. పైవాళ్లకి ఎవడో చెప్పాడు. ఆ మహబూబ్‌గాడే అయ్యుంటాడు, వాడి మొహం చూడను. నువ్వేమంటావు?" అని రాశారు. అతను మీ పక్క మంచం మనిషి. మీ ముక్కు మీద కోపం తెలిసి కూడా మీకు కంచంలో అన్నం పెట్టి తెచ్చే మనిషి. అతనితో కూడా మాట మానేస్తే అంత ఎత్తున మీకింకెవరున్నారండీ?

మొన్న మనిద్దరం సెలవులో ఊళ్లో ఉన్నప్పుడు, వెనక జనముంటే కూర్చోలేనని చర్చిలో గంటన్నర తలుపు దగ్గరే నిలబడ్డారు. పాస్టరమ్మ అడిగితే "మా ఆయనకి నడుం నొప్పండి" అనేశాను. భలే భార్యని! తర్వాత డ్యూటీకి వెళ్లాక మీరు సిగ్నల్ కోసం పోస్టు నుంచి కిందికి దిగొచ్చి వీడియో కాల్‌లో, "రైఫిల్ చేతికొస్తే నన్ను చూస్తే నాకే భయమేస్తందే కృపా. ఎవరికీ చెప్పనని బైబిలు మీద చెయ్యెయ్యి" అన్నారు. వేశాను. పదకొండు రోజులు ప్రార్థన చేసి ఊరుకున్నాను.

పన్నెండో రోజు ఎమర్జెన్సీకి ఒక పాకిస్తానీ డ్రైవర్ వచ్చాడు. చేరిన ప్రతి రోగినీ అడిగినట్టే, చనిపోవాలనిపిస్తోందా అని అడిగాను. బావురుమన్నాడు. "కిసీ నే పూఛా హీ నహీ, సిస్టర్" అన్నాడు. ఇన్నాళ్లూ అతన్ని ఎవరూ అడగలేదట. పరాయివాణ్ణి అడిగిన నోరు సొంత మొగుణ్ణి అడగలేదు.

కింద క్యాంపులో ఉండే మీ సుబేదార్ వీరభద్రరావు గారికి ఫోన్ చేసింది నేనేనండీ. మందుల గదిలో తలుపేసుకుని, ఏడుస్తూ అంతా చెప్పాను. "మంచి పని చేశావమ్మా, జాబేజ్‌ని ఇక మాకొదిలెయ్" అన్నారాయన. మహబూబ్‌కి ఏమీ తెలియదు. మాట తప్పాను. ప్రమోషన్ పోతే నా వల్లే పోయిందనుకోండి. మళ్లీ అలాంటి రోజొస్తే మళ్లీ చెప్తాను.

ఆసుపత్రికి వెళ్లనని మొండికేశారని ఆయనే చెప్పారు. నా మాట విని వెళ్లండి. నాకు ఇంటికెళ్లి రావడానికి ఎగ్జిట్ రీఎంట్రీ వీసా వచ్చింది, ఇరవై మూడున బయల్దేరుతున్నాను. మీరెక్కడుంటే అక్కడికే వస్తాను. నా మొహం చూడనంటే వరండాలో కూర్చుంటాను.

ముందు మహబూబ్ దగ్గరికెళ్లి తప్పయిందని చెప్పండి. ఆ కోపమంతా నా మీద పెట్టుకోండి, ఎన్నేళ్లయినా సరే. ముసలితనంలో కూడా ఇదే మాట పట్టుకుని దెప్పండి, పక్కనే కూర్చుని వింటాను.

ఇట్లు,
మాట తప్పిన మీ భార్య,
కృపామణి