మంచె మీది బైనాక్యులర్స్ పంపకం

మిషిగన్ రాష్ట్రం నోవైలో కాపురముంటున్న పొన్నలూరి చక్రధర్ అనే నేను, వయసు అరవై ఒకటి, వృత్తి కార్లలో వణుకు ఎక్కణ్ణించి పుడుతోందో కనిపెట్టే ఇంజనీరు, ఎవరి బలవంతమూ లేకుండా, బుద్ధి నిలకడగా ఉండగా రాసుకుంటున్న వీలునామా ఇది. బుద్ధి నిలకడ అన్న మాట దగ్గర నా భార్య నళిని నవ్వింది. ఆ నవ్వుని అభ్యంతరంగా పరిగణించవద్దని మనవి. పదకొండు సీజన్లు చెట్టెక్కి కూర్చుని ఒక్క జింకనీ కొట్టనివాణ్ణి, తొమ్మిది జతల బైనాక్యులర్స్ కొని ఆరు వాపసు చేసినవాణ్ణి, బుద్ధిమంతుడంటే ఎవరికైనా నవ్వొస్తుంది. చట్టానికి సరిపడా బుద్ధి ఉందని మాత్రం మా లాయర్ హామీ ఇచ్చారు.

వచ్చే మంగళవారం నాకు గుండె కవాటం మార్చే ఆపరేషన్. నూటికి తొంభై ఎనిమిది మంది హాయిగా ఇంటికెళ్తారని డాక్టర్ చెప్పింది. ఏ పని చేసినా మిగిలిన ఆ ఇద్దరిలో తేలడం నాకు అలవాటు కాబట్టి ఈ కాగితం రాస్తున్నాను. అసలు సంగతి ఆరో అంశంలో ఉంది. మా అమ్మాయి భవితకి నేను చేసిన అన్యాయం అది. మూడేళ్ళుగా నోటిదాకా వచ్చి ఆగిపోతోంది. మంగళవారంలోగా ఒప్పుకోకపోతే ఇక కుదరకపోవచ్చు. ముందున్న అయిదు అంశాలూ ధైర్యం కూడగట్టుకోవడానికి రాసినవి, చదివేవాళ్ళు కాస్త ఓపిక పట్టాలి.

1. ఇల్లు, రెండు కార్లు, రిటైర్మెంట్ ఖాతా, ఇతర స్థిర చరాస్తులన్నీ నా తదనంతరం నళినికి సర్వహక్కులతో చెందాలి. గరాజ్‌లో ఉన్న పెద్ద ఫ్రీజర్ కూడా. జింక మాంసం దాచడానికని నేను కొన్నాను. కొన్న వారానికే అందులో గోంగూర, మునక్కాయ ముక్కలు, కొబ్బరి కోరు చేరాయి. మాంసం ముట్టని మనిషి ఆ ఫ్రీజర్‌ని పదకొండేళ్ళుగా నిశ్చింతగా వాడుకుంటోందంటే నా వేట మీద ఆమెకి ఎంత నమ్మకమో తెలుస్తుంది. నేను నలభై మైళ్ళు డ్రైవ్ చేసి అడవిలో జింకల కోసం కళ్ళు కాయలు కాచేలా చూస్తుంటే, అవి మా పెరట్లోకొచ్చి ఆమె చిక్కుడు పాదు తినిపోయేవి. "ఏవండీ, ఆ మంచె ఏదో మన పెరట్లోనే వేసుకోకూడదూ? నా పాదన్నా మిగులుతుంది" అనేది. ఊళ్ళో తుపాకీ పేల్చకూడదని రూల్స్ చెప్పాను గానీ, నిజానికి ఆమె కిటికీలోంచి చూస్తుండగా గురి తప్పడం నాకు ఇష్టం లేదు.

2. నిచ్చెనతో ఓక్ చెట్టుకి కట్టిన ఇద్దరు కూర్చునే మంచె, దాని నడుం పట్టీలు, గొలుసులు నా సహోద్యోగి డేల్‌కి చెందాలి. చెట్టు ఆయనదే, అడవీ ఆయనదే. మొదటిరోజే ఆయన నాకు "ఎయిట్ ఈజ్ ప్లెంటీ, చక్" అని చెప్పాడు. చక్రధర్ అనడానికి నోరు తిరగక పెట్టిన పేరది, దాన్ని మాత్రం నేను క్షమించలేదు. ఎనిమిది రెట్లు చూపించే బైనాక్యులర్స్ చాలన్న ఆయన సలహాని, ఒక్క రివ్యూ కూడా చదవని మనిషి మాటే కదా అని పక్కన పెట్టేశాను. పుట్టినప్పటి నుంచీ ఆ అడవిలో తిరుగుతున్న మనిషి ఆయన. నేను పులిహోర స్టీలు డబ్బా మూత తీసిన చప్పుడుకి అడవంతా ఖాళీ అయిందని ఆఫీసులో ఇప్పటికీ చెప్పుకుంటాడు. అది అబద్ధం కాదు గానీ, ప్రతి పార్టీలోనూ చెప్పాల్సిన అవసరం లేదు.

3. పన్నెండు రెట్ల, యాభై మిల్లీమీటర్ల బైనాక్యులర్స్ నా మిత్రుడు శశికాంత్‌కి. ఈ వీలునామా అమలుచేసే బాధ్యత కూడా ఆయనదే. బైనాక్యులర్స్ మీద రాసే మొదటి అంకె ఎన్ని రెట్లు దగ్గరగా చూపిస్తుందో, రెండోది ముందు అద్దం వెడల్పు ఎంతో చెబుతాయి. ఎక్కువ మార్కులొచ్చినవాడే మంచి కుర్రాడనే లెక్కలో పెరిగిన మనిషిని నేను. ఎనిమిది, పది, పన్నెండు పక్కపక్కన పెడితే నా చెయ్యి పన్నెండు మీదికే పోయింది. ఆ మంచె మీంచి కనపడే దూరమంతా కలిపి అరవై గజాలు. అంత దగ్గర్లో పన్నెండు రెట్లు పెట్టి చూస్తే కనపడేది చెట్టు బెరడు. బెరడు మాత్రం అద్భుతంగా కనపడుతుంది, చీమల్ని లెక్కపెట్టొచ్చు. శశికాంత్ ఇల్లు చెరువు గట్టున ఉంది కాబట్టి స్టాండుకి బిగించి పడవలు చూసుకోవాలి. చేత్తో పట్టుకుని చూడకూడదు.

నేను నలభై మూడు మోడళ్ళకి తయారుచేసిన ఎక్సెల్ షీటు కూడా ఆయనకే. బరువు, చూపు వెడల్పు, కళ్ళజోడుతో కుదురుతుందా లేదా, తెల్లవారుజామున వెలుతురు ఎంత వస్తుంది, అన్నీ ఉన్నాయి అందులో. "అన్నా, ఇన్ని కాలమ్స్ పెట్టినవ్, జింక కాలమ్ ఒక్కటి ఖాళీ ఉన్నదేందే?" అని ఆయన అడిగిన రోజు నుంచి రెండు వారాలు మాట్లాడలేదు. ఆ షీటు చూసి నేనిచ్చిన సలహాతో పక్షుల్ని చూడ్డానికి పన్నెండు రెట్లు కొని మెడ పట్టేసిన కమ్మింగ్ ఊళ్ళో ఉండే సుమతి గారికి, శశికాంత్ నా తరఫున క్షమాపణ చెప్పాలి.

4. మొదటి మంచుకే లోపల ఆవిరి పట్టి గుడ్డిదైపోయిన చౌక జత ఎవరికీ ఇవ్వవద్దు. శత్రువులకి కూడా.

5. ఇది పంపకం కాదు, వాంగ్మూలం. ఈ వేసవిలో కొన్న మూడు జతల్లోనూ బొమ్మ వణికింది. అదీ ఒక పద్ధతిగా కాదు, ఉండుండి. ఆఫీసు నుంచి సెన్సర్ తెచ్చి టేపుతో అంటించి గ్రాఫ్ తీశాను. కీలు వదులుగా ఉందని తేల్చి, మూడు కంపెనీలకీ ఆ గ్రాఫ్ జతచేసి ఘాటుగా ఉత్తరాలు రాశాను. మూడోది పంపబోతుంటే నళిని వెనక నుంచి చూసి, "ఒక్కసారి మీ నాడి పట్టుకుని చూడండి" అంది. చూశాను. నాడి గ్రాఫ్‌తో అచ్చంగా సరిపోయింది. ముప్పై ఏళ్ళుగా వణుకు ఎక్కణ్ణించి పుడుతోందో కనిపెట్టినందుకు జీతం తీసుకున్నవాణ్ణి, నా గుండె వణుకుని అద్దాల మీదికి తోసేశాను. ఆ మూడు కంపెనీలకీ ఇందుమూలంగా క్షమాపణలు. గ్రాఫ్ చూసి డాక్టర్ మెచ్చుకుంది, అదొక్కటే ఊరట.

6. ఎనిమిది రెట్ల, నలభై రెండు మిల్లీమీటర్ల బైనాక్యులర్స్, పెట్టె తెరవనివి, సూట్‌కేసుల వెనక దాచినవి, నా కుమార్తె భవితకి చెందాలి.

మూడేళ్ళ కిందట నవంబరులో, కాలేజీ సెలవులకి వచ్చిన భవిత నాతో మంచెక్కింది. అప్పుడే తెల్లవారింది. తను ఉత్త కళ్ళతో చూసి, "నాన్నా, లెఫ్ట్‌లో డీర్ ఉంది, పెద్దది" అని చెవిలో చెప్పింది. నేను పన్నెండు రెట్లు పెట్టి చూశాను. బెరడు కనిపించింది. ఏమీ లేదన్నాను. "ఉంది నాన్నా, అక్కడే నించుంది" అంది. "రెండు నెలలు రీసెర్చ్ చేసి కొన్నాను, ఇందులో కనపడంది నీకెలా కనపడుతుంది?" అని గట్టిగానే కసిరాను. అప్పుడు భవిత చెప్పిన చోటి నుంచే పెద్ద కొమ్ముల జింక బయటికొచ్చింది. మా ఇద్దర్నీ చూసింది. తీరిగ్గా వెళ్ళిపోయింది.

అక్కడితో ఆగితే అది మూర్ఖత్వం, నాకు కొత్త కాదు. కిందికి దిగాక ఏమైందని డేల్ అడిగితే, "అమ్మాయి కదిలింది, జింక బెదిరింది" అన్నాను. భవిత పక్కనే ఉంది. తలా ఒక వంట తెచ్చే దీపావళి పాట్‌లక్కుల్లో, ఆఫీసు లంచ్‌లలో ఆ అబద్ధాన్ని జోకులాగా ఎన్నిసార్లు చెప్పానో లెక్కలేదు. భవిత మళ్ళీ మంచెక్కలేదు. దూరాన మోరిస్‌విల్ ఊళ్ళో ఉద్యోగంలో చేరాక ఫోన్లు కూడా వాళ్ళమ్మతోనే. నేనెత్తితే "హాయ్ నాన్నా, అమ్మకివ్వవా" అంటుంది. ఆ సీజన్ అయిన నెలకే ఈ ఎనిమిది రెట్లవి రహస్యంగా కొన్నాను. తెరిస్తే డేల్ మాటా, భవిత మాటా నిజమని ఒప్పుకున్నట్టవుతుందని తెరవలేదు. కదిలింది నువ్వు కాదమ్మా. అరిచింది నేను. నన్ను క్షమించు.

7. ఈ అంశం ఆదివారం ఉదయం చేర్చబడినది. పై ఆరో అంశం ఇందుమూలంగా రద్దు.

కారణం ఏమనగా, ఆపరేషన్ కోసమని భవిత నిన్న వచ్చింది. నేను ప్రింట్ కొట్టి మర్చిపోయిన కాగితాలు తన చేతికి చిక్కాయి. చిన్నప్పుడు ఆదివారం బడిలో నేర్చుకున్న తెలుగు కాబట్టి చదవలేదులే అనుకున్నాను. డైనింగ్ టేబుల్ దగ్గర కూర్చుని ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ ఆరో అంశం పైకి చదివింది. నళిని కూడా వింది. నా అబద్ధాన్ని మా అమ్మాయి అమెరికా యాసలో, ఒత్తులు మింగేస్తూ చదువుతుంటే, నాకు నేలలోకి కుంగిపోవాలనిపించింది. చదివాక ఏడ్చింది. తర్వాత కోప్పడింది. "నాన్నా, ఇది నువ్వు చచ్చిపోయినాక చెప్తావా నాకు? దట్స్ సో అన్‌ఫెయిర్. ఇప్పుడు చెప్పు. డేల్ అంకుల్‌కి కూడా చెప్పు" అంది.

చెప్పాను. స్పీకర్ ఫోన్‌లో, ఇద్దరూ వింటుండగా డేల్‌కి కూడా చెప్పాను. ఆయన "ఐ నో, చక్. ఐ సా ది ట్రాక్స్" అన్నాడు. బెదిరిన జింక పరిగెత్తుతుంది, ఇది తీరిగ్గా నడిచి వెళ్ళిందని అడుగులు చూసి ఆ రోజే ఆయనకి సంగతంతా తెలిసిపోయిందట. మూడేళ్ళుగా నేను ఆఫీసులో ఆ జోకు చెప్పిన ప్రతిసారీ ఆయన నా పక్కనే కూర్చుని విన్నాడు, ఒక్కసారీ నవ్వలేదు. ఆ సంగతి నాకు నిన్న గానీ తట్టలేదు.

ఆ పెట్టె భవిత చేతికిచ్చేశాను. కాబట్టి ఈ వీలునామాలో ఆమెకి రాసిందంటూ ఏమీ మిగల్లేదు. ఆస్తి పొందేవాళ్ళు సాక్షి సంతకం పెట్టకపోవడం మంచిదని లాయర్ అన్నారు. ఏమీ పొందడం లేదు గనక సంతకం తనే పెడతానని పట్టుబట్టింది. సరేనన్నాను.

నోవై, మిషిగన్, 2025 అక్టోబరు 12, ఆదివారం.

సంతకం: పొన్నలూరి చక్రధర్

సాక్షులు:

1. శ్రీవిద్య, పక్కింటి నివాసి. చక్రధర్ గారు నా ఎదుట సంతకం చేశారు.

2. పొన్నలూరి భవిత, మోరిస్‌విల్. నాన్న నా ముందే సైన్ చేశారు. ఈ విల్లులో నాకు ఏమీ లేదు. నాకు రావాల్సింది నిన్న వచ్చేసింది.