నానమ్మ ఎక్కని పార్కు బస్సు

ఒరే స్టాన్లీ,

నువ్విచ్చిన పెన్ను కారిపోయి నా తెల్ల సొక్కా పాడైపోనాది. ఏటి పెన్నురా ఇది!

నెల కన్నా ఎక్కువ బతకదని డాక్టరు సెప్పినాక, మీ నానమ్మ అడిగిందొక్కటే, పార్కు సూపించమని. నువ్వు టిక్కెట్లు పంపితే, దాన్ని బేటరీతో నడిసే సక్రాల కుర్సీ బండి మీద కూకోబెట్టి నిన్న ఎల్లినాం. లోపల తిప్పే బస్సు కాడ డ్రైవరు దిగొచ్చి, "బేటరీ బండి ఎక్కదు తాతా, మామ్మని ఎత్తేస్తాం" అన్నాడు. నలుగురు ఎత్తేసరికి దాని సీర మోకాళ్ల పైకి పోనాది. లైన్లో ఉన్నోళ్లంతా సూసినారు.

"దించేయండి బాబూ" అని ఏడ్సినాది. మళ్లీ బండి మీదే కూకోబెట్టినారు. ఇంకెక్కడికీ రాదంట. టిక్కెట్లు పంపకురా.

ఆ నలుగురూ దాన్ని ఎత్తుతున్నప్పుడు బస్సు తాళం నేను లాగేసి సంచిలో ఏసుకున్నాను. గంటసేపు ఎతికినారు. నేనూ ఆళ్లతో కలిసి ఎతికినాను.

మీ తాత