చేతికి తెలియని జ్వరం

నవంబర్ 12
ఈరోజు పని: రెండు గదులు తుడిచాను. ఏడు బట్టలు ఉతికాను. వంట ఒక్కరికే. మాట్లాడిన మనిషి పాలవాడు, ఒక్కసారి.

ప్రియమైన టీచరమ్మా,

నువ్వు ఫోన్ ఎత్తడం లేదు కాబట్టి ఉత్తరం. మీ అన్నయ్య లారీ ఎక్కి పదకొండు రోజులైంది. అత్తయ్య పోయాక ఈ ఇంట్లో మిగిలింది నేనూ, గోడలూ.

ఆసుపత్రి వరండాలో అందరి ముందూ అడిగావు: "మా అమ్మ ఒళ్లు కాలిపోతుంటే నీ చేతికి తెలియలేదా?" రెండు నెలలుగా దానికే జవాబు వెతుకుతున్నాను.

ఆ ఉదయం అత్తయ్య "చలేస్తోందే అమ్మాయ్" అంది. దుప్పట్లు ఉతుకుతున్నదాన్ని, వేణ్నీళ్ల టబ్బు దగ్గర్నుంచి లేచి వెళ్లి నుదురు పట్టుకున్నాను. చల్లగానే ఉంది. "జ్వరం లేదు, పడుకోండి" అన్నాను. సాయంత్రానికి మాట పడిపోయింది. ఒక్క పూట ముందు తెచ్చి ఉంటే బాగుండేదన్నాడు డాక్టరు.

నిన్న అదే టబ్బులో గంటసేపు చేతులు పెట్టి, థర్మామీటరుతో నీళ్ల వేడి కొలిచాను. చేతికి ఆ జ్వరం ఎందుకు తెలియలేదో, వేడి సంగతి నువ్వు చెబితే మిగతాది అర్థం చేసుకుంటాను.

నీ వదిన

నవంబర్ 19

వదినగారికి,

థర్మామీటరు వేడిని కొలవదు. అది చూపేది ఉష్ణోగ్రత, అంటే కణాలు సగటున ఎంత ఉధృతంగా కదులుతున్నాయో. ఎక్కువ ఉష్ణోగ్రత ఉన్నచోటు నుంచి తక్కువ ఉన్నచోటికి ప్రవహించే శక్తి వేడి. వస్తువులోని కణాలన్నిటి కదలికా కలిస్తే ఉష్ణశక్తి. మా పిల్లలకు రాయించేది ఇదే. మీకు చెప్పడానికీ ఇంతే తెలుసు నాకు.

టీచర్

నవంబర్ 27

ప్రియమైన టీచరమ్మా,

నేను పెళ్లయి వచ్చిన నాటి నుంచి "నువ్వు" అన్న పిల్లవి, "మీరు" అన్నావు. సరే, పాఠం మాత్రం నేర్చుకున్నాను.

ఒక చెయ్యి వేణ్నీళ్లలో, ఒక చెయ్యి చన్నీళ్లలో ఉంచి, రెండూ తీసి ఒకే గోరువెచ్చటి గిన్నెలో పెట్టాను. ఒకటి చల్లగా ఉందంది, ఇంకొకటి కాలుతోందంది. అంటే చేతికి డిగ్రీలు తెలియవు, వేడి లోపలికొస్తోందో బయటికి పోతోందో అంతే తెలుసు. ఆ రోజు నా చేతులు అత్తయ్య నుదుటికన్నా వేడిగా ఉన్నాయి. వేడి నా నుంచే ఆవిడకు పోయింది.

తప్పించుకోవడానికి రాయడం లేదు. థర్మామీటరు ఆవిడ బల్ల సొరుగులోనే ఉంది. తీయలేదు. నీ ప్రశ్నకు నా జవాబు అదే.

ఇంకా ఇద్దరికి సరిపడా నీళ్లు కాచేస్తున్నాను. నిన్న మరుగుతున్న కాగు కింద మంట ఆర్పి, చెంబుడు నీళ్లు తీసి పక్కన పెట్టాను. తీసినప్పుడు రెంటికీ డిగ్రీ ఒకటే. రెండు గంటల్లో చెంబు చల్లారింది, కాగు మధ్యాహ్నం దాకా వెచ్చగానే ఉంది. ఈ ఇంట్లో ఇప్పుడు చెంబును నేను.

నీ వదిన

డిసెంబర్ 9

వదినా,

నాలుగు కాగితాలు చింపాక ఇది రాస్తున్నాను.

ఆ రోజు నువ్వు నుదురు చూసి వెళ్లాక అమ్మ నాకు ఫోన్ చేసింది. థర్మామీటరు తనే పెట్టుకుని చూసుకుందట. నూట మూడు. "దానికి చెప్పకే. దుప్పట్లన్నీ నానబెట్టుకుంది, వదిలేసి పరిగెత్తుతుంది" అంది. నేను "మాత్ర వేసుకో, సాయంత్రం మాట్లాడతా" అని క్లాసుకు వెళ్లిపోయాను. నీకు ఒక్క ఫోన్ చేయలేదు.

నీ దగ్గర ఉన్నది చెయ్యే. అంకె నా దగ్గరుంది. అది ఎవరూ అడగకూడదనే వరండాలో నిన్ను అంత గట్టిగా అడిగాను. నీకెలా ముఖం చూపించను?

నీ ఆడపడుచు

డిసెంబర్ 17
ఈరోజు పని: ఏమీ లేదు. గిన్నెలు అలాగే ఉన్నాయి.

అమ్మాయీ,

కోపంతో నీ ఉత్తరం పొయ్యిలో పెట్టబోయి ఆగాను. ఆవిడ దాచింది నా పని చెడకూడదని, నువ్వు దాచింది భయంతో, నేను సొరుగు తెరవనిది తొందరలో. ముగ్గురం తలా కాస్త తప్పు చేశాం. పోయినావిడను ఇప్పుడు అడగలేం. మనిద్దరం ఉన్నాం.

ఈ శనివారం బస్సెక్కు. నువ్వు వచ్చాకే వంట మొదలుపెడతాను.

నీ వదిన

వరండాలో నన్నన్న మాటకు నువ్వు నాకు బాకీ పడ్డావు. నీ ఉత్తరంతో ముట్టింది. చెల్లు.