‘సభ్యులెవరూ రాలేదు’ అని నేను రాసిన గది

తుంగగుట్ట,
తేది: 14-3-2022.

తుంగగుట్ట మండల పరిషత్ అభివృద్ధి అధికారి గారి సముఖమునకు, అదే గ్రామంలో దర్జీ పని చేసుకొను ముస్తకీమ్ రాసుకొను అర్జీ.

అయ్యా,

విషయం: విద్యార్థి సంఘం గదికి తమ కార్యాలయం వేసిన తాళం తీయించుట గురించి, మరియు సదరు తాళం పడుటకు కారణమైన నా రాతను సరిదిద్దుకొనుట గురించి.

1. పంచాయతీ పాత భవనంలోని ఒక గదిని 2015లో మా ఊరి విద్యార్థి సంఘానికి చదువుకొనుటకు ఇచ్చినారు. గది పక్కనే నా దుకాణం కనుక తాళం చెవి నా దగ్గర ఉంచినారు. సాయంత్రం అయిదుకు తీయుట, ఎనిమిదికి వేయుట, వచ్చిన వారి పేర్లు రిజిస్టరులో ఎక్కించుట నా పని. నేను బడికి పోలేదు. ఆ గదికి వచ్చే పత్రికలు కూడబలుక్కొని చదవడం, రాయడం నేర్చుకున్నాను. కావున ఈ అర్జీలో తప్పులుంటే నావి, ఒప్పులుంటే పత్రికలవి.

2. 2020 జూలైలో కరోనా వలన సంఘం తన కార్యక్రమాలన్నింటినీ ఆన్‌లైన్‌కు మార్చుకున్నది. ఆదివారం చర్చ, బడి పిల్లలకు లెక్కల పాఠం, స్కాలర్‌షిప్ దరఖాస్తులు, చివరకు జెండా పండుగ ఉపన్యాసం కూడా ఫోనులోకి పోయినవి. కార్యదర్శి శివకుమార్ ఈ సంగతి తెలుపుతూ తమ కార్యాలయానికి సంతోషంగా ఒక లేఖ ఇచ్చినాడు. నాతో, “చాచా, ఇగ నీకు ఫికర్ లేదు. సంఘం మొత్తం ఫోన్లకొచ్చింది” అన్నాడు.

“మరి గది?” అని అడిగాను.

“గదితోని ఏం పని చాచా?”

నాది బటన్ల ఫోను. అందుచేత నేను సంఘం వెంట పోలేకపోయాను. గది తాళం మాత్రం ఎప్పటివలె తీస్తూ వచ్చాను. తీయవద్దని ఎవరూ రాతపూర్వకంగా చెప్పలేదు.

3. మా ఊరిలో సిగ్నల్ అందరికీ సమానంగా అందదు. గది వెనుక, ఎత్తు మీద ఉన్న ఈదమ్మ డాబా మీదనే నిలకడగా ఉంటుంది. కావున ఆన్‌లైన్‌కు మారిన సంఘం మొత్తం, పద్నాలుగు మంది, సాయంత్రం ఆ డాబా ఎక్కి, మాస్కులు కట్టుకొని, ఎడమెడంగా, ఒకరికొకరు వీపులు పెట్టి కూర్చొని, ఫోనులలో ఒకరితో ఒకరు మాట్లాడుకునేవారు. దగ్గరగా కూర్చుంటే ఫోనులు కీచుమంటాయట. మూడవ రోజు ఈదమ్మ నా దుకాణానికి వచ్చింది.

“ఓ ముస్తకీమూ, పోరగాళ్ళకు యాడనో లొల్లయింది. మొకాలు మొకాలు జూసుకుంటలేరు. పక్కన కూసున్నోనికి ఫోన్ జేసి మాట్లాడుతున్నరు. జర నువ్వన్న సముదాయించు.”

“లొల్లి కాదవ్వా, ఆన్‌లైన్” అన్నాను.

“అదే అంటున్న. అది ఎవలు పెట్టిండ్రు వీళ్ళ నడుమ?”

ఈ ప్రశ్నకు తమ కార్యాలయంలో జవాబు ఉండునేమో నాకు తెలియదు.

4. సంఘం అధ్యక్షురాలు మనీష డిగ్రీ చదువుతున్నది. ఆరు గంటలకు ఆ డాబా మీది నుండి ఫోనులో లెక్కలు చెప్పేది. సిగ్నల్ తెగుతున్నదని గొంతు పెంచి చెప్పేది. ఆ గొంతు ఫోనులున్న పిల్లలకు ముక్కలు ముక్కలుగా, మా గది కిటికీలో నుండి పూర్తిగా వినిపించేది. ఇది మొదట కనిపెట్టినది కోమల. అప్పుడు తొమ్మిదవ తరగతి. ఇంట్లో ఉన్న ఒక్క ఫోను నాయిన వెంట హైదరాబాదుకు కూలికి పోయింది. ఆమె వెనుక మరి ఆరుగురు వచ్చినారు. ఒక్కరికీ ఫోను లేదు. కిటికీ కింద వరుసగా కూర్చొని రాసుకునేవారు. అర్థం కాకపోతే కోమల ఊచలు పట్టుకొని, “అక్కా, గా మూడో మెట్టు ఇంకోపారి జెప్పవా!” అని అరిచేది.

పైన మనీష ఫోను వంక చూసి, “ఎవలదో మైకు ఖుల్లా ఉన్నది, బంజేసుకోండ్రి” అనేది. అని, మూడో మెట్టు మళ్ళీ చెప్పేది.

5. ఇక నా నేరం. సంఘం తొమ్మిదవ నిబంధన ప్రకారం రిజిస్టరులో సభ్యుల పేర్లే ఎక్కించాలి. పదవ తరగతి పాసైన వారే సభ్యులు. ఈ ఏడుగురు కారు. నేను నిబంధన మీరలేదు. రోజూ పిల్లలను పంపి, లైటు ఆర్పే ముందు తారీఖు వేసి, ‘సభ్యులెవరూ రాలేదు’ అని రాసి సంతకం చేశాను. ఆదివారాలు, పండుగలు, లాక్‌డౌన్ రోజులు పోను ఇట్లా నాలుగువందల పన్నెండు దినములు. ఒక్క రోజు మరువలేదు. ఇందుకు నాకు కొంత గర్వం కూడా ఉండేది.

6. గత నెల 26న ఉదయం తమ కార్యాలయం నుండి కమలాకర్ గారు తనిఖీకి వచ్చి రిజిస్టరు ఆసాంతం చదివినారు. “ఇంత సాఫ్‌గ రాసిన రిజిస్టర్ నా సర్వీసుల జూడలే” అని మెచ్చుకున్నారు. మెచ్చుకొని, గది వాడుకలో లేదని రాసుకున్నారు.

“పిల్లలు వచ్చిన్రు సార్, రోజూ ఏడుగురు” అన్నాను.

“ఏరి? పేర్లు జూపియ్యి.”

“సభ్యులు కారు సార్. అందుకని రాయలే.”

“సభ్యులు కానోళ్ళను లోపలికెట్ల రానిచ్చినవయ్యా?”

నేను కలం తీశాను. కనీసం ఇప్పుడు దిద్దుతానన్నాను. “రాసింది దిద్దితే దొంగ రిజిస్టర్ అయితది. నీకే కష్టం” అని నా మేలు కోరి చెప్పినారు. మార్చి 3న తాళం పడింది. ఈ నెల 21 నుండి అందులో చెడిపోయిన పదకొండు కంప్యూటర్లు భద్రపరుస్తారని నోటీసు అంటించినారు. సంఘం ఆన్‌లైన్‌కు పోయి ఖాళీ చేసిన గదిలోకి, ఆన్‌లైన్‌కు పనికిరాని కంప్యూటర్లు వస్తున్నవి. ఇందులో న్యాయం ఉన్నదో లేదో చెప్పలేను, ఒక వరుస మాత్రం ఉన్నది.

7. కోమల ఇప్పుడు పదవ తరగతి. మే నెలలో పరీక్ష. రెండేళ్ళుగా పరీక్షలు రాయకుండానే పై తరగతికి వచ్చిన పిల్లలు వీళ్ళు. వాళ్ళ ఇంట్లో ఉన్నది ఒక్కటే గది. సాయంత్రం అందులో పొయ్యి, అవ్వ, ఇద్దరు తమ్ముళ్ళు, రెండు మేకలు. మొన్న ఊరికి వచ్చిన నాయిన నా ముందరనే బిడ్డతో, “పాసైతే సదువు. లేకుంటే నా యెంట కూలి అడ్డా మీదికి నడువు” అన్నాడు. కోమల నా వైపు చూసింది. నేను కత్తెర కోసం వెతికాను. కత్తెర చేతిలోనే ఉన్నది.

8. కావున తమరిని వేడుకొనునది:

(అ) నా నాలుగువందల పన్నెండు సంతకాలను తప్పుడు సాక్ష్యంగా పరిగణించి, పరీక్షలు ముగియువరకైనా గది తెరిపించవలెను. అందుకు వేయవలసిన శిక్ష ఏదైనా ఉంటే నాకు వేయవలెను.

(ఆ) కంప్యూటర్లకు జాగా లేదంటే వాటిని నా దుకాణంలో పెట్టించవలెను. దుకాణం లోపల తొమ్మిది అడుగులకు పది అడుగులు. టేపు పెట్టి కొలిచాను, పదకొండూ పడతాయి. కిరాయి వద్దు. కుట్టు మిషను బయట రేకు కింద వేసుకుంటాను. పరీక్షలు మేలో, వానలు జూన్‌లో.

నా మాట నమ్మండని అడుగుట లేదు. నా రాతను మాత్రం నమ్మవద్దని, ఈ ఒక్క మనవి చిత్తగించి 21వ తేదీ లోపల ఉత్తరువు ఇప్పించవలెనని ప్రార్థన.

ఇట్లు,
తాళం చెవి లేకపోయినా తమ విధేయుడే అయిన
ముస్తకీమ్, దర్జీ.

మరొక సంగతి: తాళం పడిన మరునాటి నుండి పిల్లలు గది మెట్ల మీదనే కూర్చుంటున్నారు. నిన్న మనీష ఫోను ఇంట్లో పెట్టి అక్కడికే వచ్చింది. శివకుమార్ ఎక్కడి నుండో నల్లబోర్డు మోసుకొచ్చినాడు. తమరు ఏ సాయంత్రమైనా ఆరు గంటలకు వచ్చి స్వయంగా చూడవచ్చు. జీపు మాత్రం బస్టాండు దగ్గరే ఆపించి, జర నడిచి రండి సార్. కోమల బోర్డు ముందర నిలబడి ఉంటుంది. హారన్ వింటే లెక్క మధ్యలో మరిచిపోతుంది.