ఉప్పు గుంటలో కొత్త ఆకు

నానుమెయా దీవి,
ఆగస్టు 9.

తల్లీ లోసా,

మన గుంటలో పులకా దుంప ఆకు విప్పిందే! ముందు ఆ మాట రాసేశాను, ఇక కుదురుగా పలకరిస్తాను. దేవుడి దయవల్ల నేను క్షేమం. నువ్వూ అల్లుడూ ఫునాఫుతిలో చల్లగా ఉన్నారనీ, కడుపులో బిడ్డ బాగా కదులుతోందనీ తలుస్తాను.

ఈ ఓడ వచ్చేలోగా ఒక్క ఆకైనా మొలవకపోతే దీవి వదిలి నీ దగ్గరికి వచ్చేస్తానని మాటిచ్చాను కదా. పెట్టె కూడా సర్దాను. ఉప్పునీళ్లు అడుగునుంచి ఉబికి గుంటంతా కుళ్లిపోయాక, రెండేళ్లుగా ఊరి మంటపంలో విందులకి వట్టి చేతులతో వెళ్లి వెనక స్తంభం దగ్గర కూర్చుంటున్నాను. దుంప తేలేనివాడి మాట ఎవరు వింటారు?

ఈ ఉదయం గుంటకి వీడ్కోలు చెబుదామని వెళ్లాను. అటూ సముద్రమే, ఇటూ సముద్రమే. రెండు వైపుల నుంచీ తుంపర పొగలా కమ్మింది. నేను పడవలో నిలబడ్డట్టూ, నేలే మెల్లగా ఊగుతున్నట్టూ అనిపించింది. ఆ పొగలో, గుంట మెట్ట అంచున, పసిబిడ్డ చెవిలా చుట్టుకున్న ఆకు. ముట్టుకుంటే చెదిరిపోతుందేమోనని భయం వేసి, ఎండెక్కేదాకా చూస్తూ కూర్చున్నాను.

పక్క గుంట కైతు పన్నెండేళ్లుగా నాతో మాట్లాడడు కదా. నాకు వినపడేలా తన పందితో అన్నాడు:

"చూశావటే బుజ్జీ, ఓడెక్కుతామని పెట్టె కట్టినవాళ్లు ఇక్కడే కూలబడ్డారు."

నేనూ పందికే జవాబిచ్చాను. "మీ అయ్యకి చెప్పవే, ఆ పెట్టెలో కోడిని పొదగేస్తున్నానని."

మా తాత నేర్పిన ఆకుల ఎరువు ఊరికే పోతుందా! నేనిక రాను. పురుడయ్యాక నువ్వే బిడ్డనెత్తుకుని రా. దాని మొదటి విందుకి మన గుంట దుంపే.

ఇట్లు,
సంతోషంతో, మీ నాన్న,
పెనీలా.

తా.క.: ఉత్తరం అంటించబోతూ ఆగాను. నీకు అబద్ధం పంపలేను. నేను నాటిన మొక్క పోయిన నెలే కుళ్లిపోతే నా చేత్తోనే పీకేశాను. ఇది నాది కాదు. ఎరువు నింపడానికి మొక్క చుట్టూ అల్లిన మొగలాకు బుట్టకి అంచు బయటికి మడిచి ఉంది. మనం లోపలికి మడుస్తాం. బయటికి మడిచేది కైతు ఇంట్లోనే. ఎరువు గుట్టు కన్నకొడుక్కి తప్ప ఎవరూ చెప్పరే, ఆయన తన ఇంటి ఆకులు తెచ్చి నా గుంటలో పోశాడు. "నీది దుంప కాదు, సంచీ ఎరువు బలుపు" అని పన్నెండేళ్ల కిందట ఆయన్ని చూపించి నిండు మంటపంలో నవ్వించింది నేనే కదా. ఆ ఆకులు చేతిలో నలిపి చూశాను. ఒట్టి ఆకులే తల్లీ, కొన్న ఎరువు పొడి చిటికెడైనా లేదు. అవి ఏ చెట్టు ఆకులన్నది నీకు కూడా రాయను. రేపటి నుంచి పందితో కాదు, ఆయనతోనే మాట్లాడతాను.

అడిగానని అందరికీ చెప్పు: మేనత్త తౌసికి, సరుకు ఓడ మీదున్న చిన్నాన్న ఉయేలేకి, మీ అత్తగారికి, ఆవిడ చెల్లెలికి, ఇంకా రేవులో పనిచేసే కైతు కూతురు సెయినాతికి. ఆ పిల్లని ఇకనుంచి అక్కా అని పిలువు.