సాంచెల సందుల్లో మనిషి

అన్నా,

నువ్వు చనిపోయి ఈరోజుకు ఏడాది. పొద్దున్నే నాన్న నువ్వు వేసిన బొమ్మను గోడ మీంచి దించేశాడు. ఒక మూల చెయ్యి, ఇంకో మూల సగం ముఖం, నడుమ నిలువు గీతలు.

"ఇరిగిన బొమ్మ ఇంట్ల ఉండొద్దు. సముద్రం ఖాడీ నీళ్ళల్ల కలిపేస్త," అన్నాడు. బయట నాన్న పిలిపించిన ఆటో హారన్ కొడుతోంది. నేను గుమ్మానికి అడ్డం నిలబడ్డాను.

అమ్మ బొమ్మను లాక్కుని గోడకు ఆనించింది. "గీ ముఖం నాది. బట్ట నేసే సాంచె అవుతల నిలవడితె, పోగుల సందుల గట్లనే కనవడ్త. గా చెయ్యి నీది."

నాన్న బొమ్మంతా వెతికాడు. "మరి వాడేడి?"

"బొమ్మ ముందల, నువ్వు నిలవడ్డ కాడనే. గాడికెల్లే మనల్ని చూసిండు."

నాన్న గబుక్కున పక్కకు జరిగాడు.

నీ చెల్లె